సెప్టిక్ అయిందన్న మాట

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో రాయి తగిలి చితికిన వేలికి చీము పట్టినా ‘సెప్టిక్ అయింది’ అనే అంటారు. ఈ మాటకు మూలమైన ‘సెప్సిస్’ గ్రీకులో కుళ్ళడాన్ని సూచించే పదం. హిపోక్రటీస్ సంప్రదాయపు వైద్యులు క్రీస్తుపూర్వమే దానిని వాడారు. అయితే 2016 నాటి అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం సెప్సిస్ అంటే చీము కాదు, ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల మూత్రపిండాలు, ఊపిరితిత్తుల వంటి అవయవాలు ప్రాణాపాయకరంగా దెబ్బతినడం.

వాడుక మాట కంటికి కనిపించే పుండునే చూపుతుంది కనుక, పేగుకు రంధ్రం పడి, పొట్ట లోపలి అవయవాలను కప్పి ఉంచే పలుచని పొర, అనగా పెరిటోనియం, వాచిన రోగి విషయంలో అది దాదాపు నిరుపయోగమనే చెప్పాలి. స్పృహలో ఉన్నవారికి పొట్ట చెక్కలా బిగుసుకుని, తాకనివ్వనంత నొప్పి పుడుతుంది. ఐసీయూలో మత్తుమందుతో వెంటిలేటర్‌పై ఉన్నవారు ఆ నొప్పి చెప్పలేరు కాబట్టి, పడిపోయే రక్తపోటు, తగ్గే మూత్రం, రక్తంలో పెరిగే లాక్టేట్, ఉబ్బే పొట్ట వంటి సూచనలను బట్టి అనుమానించి, రోగిని కదిలించగలిగితే సీటీ స్కాన్ తీస్తారు. షాక్ ఉంటే గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టి, సెలైన్ ఎక్కిస్తూ, రంధ్రాన్ని మూయడమో చీమును గొట్టంతో తీయడమో చేయాలి. మూలాన్ని వదిలి మందులు మార్చుతూ పోవడం కాలయాపనే.

ఆ మందులలో ఒక తెలుగు జాడ ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నేతృత్వం వహించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్లలో మొదటిది కాగా, ఆ వంశానికే చెందిన టైగీసైక్లిన్‌కు 2005లో అమెరికాలో జటిలమైన ఉదర ఇన్ఫెక్షన్లకు అనుమతి లభించింది. వాడినవారిలో మరణాలు కొంత ఎక్కువగా కనిపించడంతో, వేరే మందు తగనప్పుడే వాడాలన్న హెచ్చరిక 2013లో దానికి చేరింది.