మట్టి కాసు, శనగల కుండ



గ్రీకుల సంగతీ, గ్రీకు వంటల సంగతీ చెబుతానంటే, "మనకూ వాళ్లకూ ఏం చుట్టరికమమ్మా?" అంటారేమో. చుట్టరికం ఉందండీ. దాని ఆనవాలు సంగారెడ్డి దగ్గర్లో, మట్టిలోనే దొరికింది.

సంగారెడ్డి జిల్లాలో కొండాపూర్ అని ఒక ఊరుంది. అక్కడి పాటిదిబ్బను 1940-42 మధ్య గులాం యజ్దానీగారు తవ్వించారు. శాతవాహనుల నాటి ఊరు బయటపడింది. ఇళ్ల గోడలు, పూసలు, శంఖు గాజులు, మట్టిబొమ్మలు, వేలకొద్దీ శాతవాహన నాణేలు! వాటి మధ్య రోము బంగారు నాణెం కూడా.

రోము వేరు, గ్రీకు వేరు కదా అంటారా? నిజమే. కానీ ఆ రోజుల్లో ఈజిప్టు రోము ఏలుబడిలో ఉండేది. అక్కడినుంచి మన రేవులకు ఓడలేసుకొచ్చిన వర్తకుల్లో గ్రీకు మాట్లాడేవాళ్లు చాలామంది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో అలాంటి వర్తకుడొకడు 'పెరిప్లస్' అనే పుస్తకం గ్రీకులోనే రాశాడు. మన తూర్పు తీరాన మసాలియాలో సన్నని బట్టలు విరివిగా నేస్తారని అందులో ఉంది. అది మచిలీపట్నం ప్రాంతమేనని పండితులంటారు. ఈ వర్తకులనే మనవాళ్లు యవనులన్నారు.

ఇచ్చిపుచ్చుకోవడం సరుకులతో ఆగలేదు. పంచాంగంలో మనం చూసే 'హోర', జాతకంలోని 'కేంద్రం' గ్రీకు నుంచి వచ్చిన మాటలే. మన పిప్పలి అక్కడికి వెళ్లి 'పెపెరి' అయింది. మన మెంతులకు శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరుకు గ్రీకు గడ్డి అని అర్థం!

రోములో ప్లినీ అనే పెద్దమనిషి ఏడాదికి పది కోట్ల నాణేలు ఇండియాకూ, చైనాకూ, అరేబియాకూ తరలిపోతున్నాయని వాపోయాడు. ఇదంతా మన విలాసాల ఖర్చు, మన ఆడవాళ్ల ఖర్చు అన్నాడు. చూశారూ, ఆ నింద అక్కడా ఆడవాళ్లకు తప్పలేదు!

కొండాపూర్‌లో నా మనసుకు హత్తుకున్నది బంగారు నాణెం కాదు. రోము నాణేన్ని చూసి అచ్చుపోసిన మట్టి బిళ్లలు. మెడలో వేసుకోవడానికన్నట్టు వాటికి రంధ్రాలున్నాయి. కాసులపేరు కొనే స్తోమత లేక గిల్టు నగతో పండగ గడుపుకునే ఇల్లాలే నాకు వాటిలో కనిపించింది. రాజుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఆమె పేరు లేదు, ఆ బిళ్లే ఉంది.

ఇక వంట. శనగల పుట్టిల్లు నేటి టర్కీ ఆగ్నేయభాగం. అక్కడినుంచి ఒక దారిన గ్రీసుకు, ఇంకో దారిన మనకు వచ్చాయి. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ పరిశోధించే పంటల్లో శనగ ఒకటి. గ్రీసులోని సిఫ్నోస్ దీవిలో శనివారం రాత్రి నానిన పెద్దశనగలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనె మట్టికుండలో వేసి, మూతపెట్టి, కట్టెల పొయ్యిలో సన్నని సెగన తెల్లార్లూ ఉడకనిస్తారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, నిమ్మకాయ పిండుకొని తింటారు. మన గుగ్గిళ్లకు దూరపు అక్కయ్య కాదూ!

ఒక ఆదివారం మీ మహిళామండలిలో ఈ వంట చేసి చూడండి. అందరూ తిన్నాక పిల్లల్ని వెంటబెట్టుకుని కొండాపూర్ మ్యూజియానికి వెళ్లండి. గ్రీసు ఎంత దూరమో బడిలో చెబుతారు. ఎంత దగ్గరో మనమే చూపించాలి.