కొత్త ఉత్తరం వచ్చిందా? పెట్టెలు చూసే పనికి ఒక చిన్న చరిత్ర

ఈసారి వ్యాసం కాస్త పొడుగు, తీరిక చూసుకుని చదవండి. మా బడి చదువు తమిళంలో. తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర, తర్వాత రైల్వే ఆఫీసుల్లో నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన జూన్‌లో సిరవార దగ్గరి ఒక క్యాంపు నుంచి ఒక తండ్రి మన సంఘానికి ఈమెయిల్ పంపారు. కొడుకు హాస్టల్ సీటుకు సంఘం లెటర్ కావాలని అడిగారు. దాన్ని మేము చూసింది ఆగస్టు చివర్లో. అప్పటికి గడువు దాటిపోయింది. మన సంఘానికి మూడు మెయిల్ పెట్టెలున్నాయి. ఒకటి పాత కార్యదర్శి కాలం నాటిది, ఒకటి విరాళాలకు తెరిచింది, ఒకటి ఇప్పుడు వాడేది. ఆయన పాత కరపత్రం చూసి పాత అడ్రసుకు రాశారు. తప్పు ఆయనది కాదు, మనది. మేము ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగితే, "పోనీలెండి సార్, చూసుండరు అనుకున్నా" అన్నారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఉత్తరం వచ్చిందని ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్న కంప్యూటర్లకు కూడా పాతదేనని తెలిసి కొంత చదివాం. తెలిసింది మీతో పంచుకుంటున్నాం.

ముందు మన జిల్లా మాట. బొంబాయి వైపు నుంచి వచ్చిన జి.ఐ.పి. రైల్వే, మద్రాసు వైపు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే 1871లో కలిసింది మన రాయచూరులోనే. ఆ రెండు మహానగరాల తపాలా ఈ దారి పట్టింది. తెలుగులో తపాలా, తమిళంలో తబాల్, కన్నడంలో టపాలు, మూడు భాషల్లో ఒకటే మాట. మా ఆఫీసులో తపాలా వస్తే ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో నంబరు పడాల్సిందే. నంబరు పడని కాగితం రానట్టే లెక్క.

కంప్యూటర్లలో 1965లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఒకే పెద్ద యంత్రాన్ని పంచుకునేవాళ్ళు ఒకరికొకరు ఉత్తరం వదిలే సౌకర్యం పెట్టుకున్నారు. లాగిన్ అయినప్పుడు పెట్టెలో ఉత్తరం ఉందని యంత్రమే చెప్పేది. 1971లో రే టామ్లిన్సన్ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి ఉత్తరం పంపారు. మన అడ్రసుల్లో ఎట్ గుర్తు ఆయన పెట్టిందే.

1980 ప్రాంతంలో బర్క్‌లీ యూనివర్సిటీలో బిఫ్ అనే కమాండ్ వచ్చింది. బిఫ్ అక్కడి ఒక విద్యార్థిని పెంచుకున్న కుక్క పేరు. పోస్ట్‌మాన్ వస్తే మొరిగేది కాబట్టి ఆ పేరు పెట్టారని కథ చెప్పుకుంటారు. కమాండ్ రాసినాయన మాత్రం అది నిజం కాదన్నారట. పని మాత్రం అదే: ఉత్తరం రాగానే తెర మీద మొరగడం.

యూనిక్స్‌లో మనం కమాండ్లు టైపు చేసే షెల్ కూడా పెట్టె చూసేది. మొదట ఒకే పెట్టె. 1980ల్లో మెయిల్‌పాత్ అనే ఏర్పాటు వచ్చింది. చూడాల్సిన పెట్టెలన్నీ ఒక వరుసలో రాసిపెడితే షెల్ అన్నిటినీ చూస్తుంది. ఏ పెట్టెకు ఏ మాట చెప్పాలో కూడా మనమే రాసుకోవచ్చు. ఎన్ని సెకన్లకోసారి చూడాలో చెప్పేది మెయిల్‌చెక్. పాత షెల్‌లో అది 600 సెకన్లు, 1989లో వచ్చిన బ్యాష్‌లో 60. మేము ఆగిపోయింది ఇక్కడే. వరుసలో రాసిన పెట్టెలనే అది చూస్తుంది. రాయని పెట్టెలో ఉత్తరాలు గుట్టపడినా నోరెత్తదు. పైగా మనం ఎంటర్ కొట్టి, అది మళ్ళీ మన ఆజ్ఞకు సిద్ధమయ్యేటప్పుడే చూస్తుంది. మనం కదలకపోతే అదీ కదలదు.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా. చవక రకం షెల్ అకౌంట్‌లో బొమ్మలుండవు, అక్షరాలే. పైన్ అనే ప్రోగ్రాంలో ఉత్తరాలు చదవాలి. మద్రాసులో మా సహోద్యోగి ఇంట్లో చూశాం. మోడెం గీపెట్టి కలిశాక, పెట్టె ఖాళీ అని తెలుసుకోవడానికి కూడా ఫోన్ బిల్లు పడేది. తెలుగు అక్షరాలు రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్ళు.

ఆ తర్వాత ఒక్కొక్కరికి నాలుగేసి కంపెనీల్లో పెట్టెలొచ్చాయి. 1996లో ఎరిక్ రేమండ్ విడుదల చేసిన ఫెచ్‌మెయిల్ అనేక పెట్టెలను ఒక్క కమాండ్‌తో చుట్టి వస్తుంది. చెక్ అని చెబితే ఉత్తరాలు దించదు, ఉన్నాయో లేవో చెబుతుంది. పాస్‌వర్డులున్న ఫైలును ఇతరులు కూడా చదవగలిగేలా పెడితే పని చేయనని మొరాయిస్తుంది. మంచి గుమాస్తా లక్షణం అది. 1986లో మార్క్ క్రిస్పిన్ మొదలుపెట్టిన ఐమాప్ పద్ధతిలో ఇప్పుడు, ఉత్తరం తెరవకుండానే చదవనివి ఎన్నో అడగొచ్చు. అడిగినంత మాత్రాన చదివినట్టు గుర్తు పడదు.

ఫోన్‌లో చూసుకోవచ్చు కదా అంటారు. ఫోన్ ఒక మనిషిది. కార్యదర్శి మారితే పెట్టె ఆయన ఫోన్‌తోపాటే పోతుంది. మనకు జరిగింది అదే. అందుకే మన కుర్రాళ్ళలో ఒకరు సంఘం గదిలోని పాత ల్యాప్‌టాప్‌లో చిన్న ఏర్పాటు చేశారు. పొద్దున ఒక కమాండ్ కొడితే మూడు పెట్టెల పేర్లు, పక్కన చదవని ఉత్తరాల సంఖ్య వస్తాయి. మేము దాన్ని ఒక నోటు పుస్తకంలో తేదీతో రాసి సంతకం పెడుతున్నాం. సున్నా అయినా రాస్తున్నాం. రిటైరైనా ఇన్‌వర్డ్ రిజిస్టర్ మమ్మల్ని వదల్లేదు.

యాభై ఏళ్ళకు పైగా తెలివైనవాళ్ళు కష్టపడి యంత్రానికి చూడడం నేర్పారు. ఎక్కడెక్కడ చూడాలో చెప్పే పని మాత్రం ఇప్పటికీ మనదే. కాబట్టి ఒక మనవి. సంఘం పేరుతో ఎవరైనా ఎప్పుడైనా ఇంకో పెట్టె తెరిచి ఉంటే దయచేసి చెప్పండి, వరుసలో చేరుస్తాం. మీ ఇళ్ళల్లో పాత కరపత్రాలుంటే అడ్రసు దిద్దుకోండి. వారానికొకరు పొద్దున ఆ కమాండ్ కొట్టడానికి ముందుకు రండి, నేర్పడానికి పది నిమిషాలు చాలు.

ఆ పిల్లవాడు ఈ ఏడు హాస్టల్ లేక రోజూ బస్సులో రాయచూరు వెళ్ళి వస్తున్నాడు. వచ్చే ఏడాది లెటర్ ఇప్పుడే టైపు చేసి, సీలు వేసి, ఫైల్లో పెట్టాం. తేదీ ఒక్కటే వేయాలి.

సెలవు. నమస్కారం.