పగటి వేట

ఈ కథలో పిట్ట చచ్చిపోతుంది. ఆ మాట ముందే అనేసుకుంటే, తక్కినదంతా నెమ్మదిగా చెప్పుకోవచ్చు.

వరికుంటపాడులో నిలబడి పడమరకు చూస్తే వెలికొండలు అడ్డంగా కనబడతాయి. ఇవతల ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట. అవతల బద్వేలు, సిద్ధవటం, లంకమల అడవి. కొండకు ఇటూ అటూ ముళ్లపొదల నేలే. గులకరాళ్లు, రేగు, చండ్ర, కలివి, పొదకూ పొదకూ నడుమ గడ్డి కూడా సరిగా మొలవని ఖాళీ జాగాలు. చీకటి పడ్డాక ఆ జాగాల్లో చీమలూ చెదలూ ఏరుకుంటూ పరుగులు తీసే పిట్ట కలివికోడి. జానెడు కంటే కాస్త ఎక్కువ పొడుగు. మట్టిరంగు వీపు, చీకటికి సరిపడా పెద్ద కళ్లు, గొంతు మీద ఇటుకరంగు మచ్చ, రొమ్ముకు అడ్డంగా రెండు పట్టీలు. పగలంతా పొద నీడన అణిగి ఉంటుంది. పక్కనుంచే మనిషి నడిచిపోయినా నేలకూ దానికీ తేడా తెలియదు.

నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్‌కు ఈ పిట్ట దొరికింది. కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానికి శాస్త్రీయనామం పెట్టాడు. నెల్లూరు, కడప సీమల కొండనేలలే దాని నెలవని జెర్డాన్ రాసిపెట్టాడు. ఆ తర్వాత అక్కడక్కడా ఒకరిద్దరికి కనబడింది. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంబెల్ చూశాడు. అంతే. ఎనభై ఆరేళ్ల పాటు మళ్లీ ఎవరూ చూశామని చెప్పలేదు.

చూడలేదా, చూసినవాళ్లను ఎవరూ అడగలేదా? నా మనసు రెండోదానివైపే మొగ్గుతుంది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో మీటన్ అనే పశువైద్యుడికి ఒక గుడ్డు దొరికింది. అది ఏ పిట్టదో తేలకుండానే సముద్రాలు దాటి స్కాట్లండులో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియం చేరింది. 2013లో డీఎన్ఏ పరీక్ష జరిగాక అది కలివికోడి గుడ్డేనని తెలిసింది. లోకం ఇక లేదనుకున్న ఏళ్లలో ఆ తల్లి కోలారు పొదల్లో గుడ్డు పెట్టుకుంది! ఆనాడే ఎవరైనా గుర్తుపట్టి ఉంటే ఏమయ్యేదో.

1930 ప్రాంతంలో వెర్నే శాస్త్రీయ సర్వే తూర్పు కనుమల్లో గాలించింది. 1970లలోనూ వెతికారు. తుపాకులు, దుర్భిణీలు, నోటు పుస్తకాలు అన్నీ ఉన్నాయి. రోజంతా ఎండలో తిరగడం, ముళ్లు గీరుకున్న కాళ్లతో ఉత్త చేతులతో గుడారం చేరడం. వేటకు వెళ్లినవాళ్లకు తెలిసిన విసుగే అది. పొద్దుగూకాక వాళ్లు లాంతరు వెలుగులో ఆనాటి లెక్కలు రాసుకుని నడుం వాల్చే వేళకు కలివికోడికి తెల్లవారుతుంది. ఆ పిట్ట రాత్రి తిరుగుతుందని గట్టిగా ఎవరికీ తోచలేదు. పొదల్లో చీకటి వేట చేసుకునే పేదవాడిని అడిగి ఉంటే చెప్పేవాడేమో.

చివరికి అడిగినవాడు భరత్ భూషణ్. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన ఆ యువకుడు పిట్ట బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగాడు. వేటగాళ్ల దగ్గర కూర్చున్నాడు. 1986 జనవరిలో, సిద్ధవటం వైపు రెడ్డిపల్లి దగ్గర, ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ప్రాణంతో పట్టుకున్నాడు. అతడిని తప్పు పట్టలేం. పిట్ట దొరికితే పట్టుకురావడమే అతడికి తెలిసిన రుజువు. వదిలేసి వచ్చి చూశానంటే నమ్మేదెవరు?

కబురు బొంబాయి చేరింది. సలీం అలీకి అప్పటికి ఎనభై తొమ్మిదేళ్లు. జీవితమంతా పిట్టల వెంట నడిచిన మనిషి హుటాహుటిన బయలుదేరి వచ్చాడు. ఆయన చేరేసరికి పిట్ట చనిపోయి ఉంది.

ఇక్కడే నా కలం ఆగిపోతుంది. ఎనభై ఆరేళ్లు శాస్త్రజ్ఞుల కంట పడకుండా, ఎవరి దయా అక్కర్లేకుండా బతికిన జాతి. దానికి మన చేతుల్లో పడ్డాక కొద్ది రోజులైనా నిలిచే యోగం లేకపోయింది. ఏం పెట్టాలో, ఎక్కడ ఉంచాలో ఎవరికి తెలుసు? పట్టపగటి వెలుగులో ఆ పెద్ద కళ్లు ఎంత బెదిరాయో. ఆ ఒక్క రాత్రి టార్చి ఆర్పేసి, దాన్ని పరిగెత్తనిచ్చి, చోటు మాత్రం గుర్తుపెట్టుకుని ఉంటే! మరుసటి ఏడు సలీం అలీ కూడా వెళ్లిపోయాడు.

పిట్ట చావు పూర్తిగా వృథా పోలేదనే చెప్పాలి. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత వచ్చిన జగన్నాథన్ వంటి పరిశోధకులు పట్టుకోవడం మానేశారు. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి తెల్లారి కాలిముద్రలు చూశారు, కెమెరాలు అమర్చారు, మునిమాపు వేళ వినబడే రెండక్షరాల కూతను రికార్డు చేశారు. అయినా పొదలు నిలవలేదు. 2005లో తెలుగుగంగ కాలువ కోసం యంత్రాలు పిట్ట తిరిగే చోటనే నేల తవ్వేశాయి. గొడవ జరిగి కాలువ దారి మార్చారు గానీ నరికిన పొదలు తిరిగి రాలేదు కదా. పొలాలు, తోటలు, వంటచెరకు మిగిలిన వాటినీ కొరుకుతూ వచ్చాయి. ముళ్లకంపను మన లెక్కల్లో అడవి అనరు, బీడు అంటారు. బీడు ఎవరికైనా ఇచ్చేయొచ్చు.

2025లో కడప జిల్లాలో ఒక రాత్రి మళ్లీ దాని కూత రికార్డయిందని వార్త వచ్చింది. ఏళ్ల తరబడి మౌనం తర్వాత. జెర్డాన్ రాసిన పేర్లలో నెల్లూరు కూడా ఉంది కనుక, వెలికొండలకు ఇవతల, వరికుంటపాడు, ఉదయగిరి వైపు రాత్రుళ్లు మందల దగ్గర కాపలా పడుకునేవాళ్లను ఎవరైనా వెళ్లి అడగండి. ఆ కూత విన్నారేమో అడగండి. పట్టుకు రమ్మని మాత్రం చెప్పకండి.