కళాశాలల్లో విద్యా సలహా వ్యవస్థ

కళాశాల విద్యార్థి ఏ కోర్సులు చదవాలి, ఏ వరుసలో చదవాలి, ఆ చదువు తనను ఎటు తీసుకెళ్తుంది అనే విషయాల్లో సంస్థ తరఫున ఒకరు బాధ్యత తీసుకుని తోడుగా నిలిచే ఏర్పాటును విద్యా సలహా వ్యవస్థ అంటారు. అకడమిక్ అడ్వైజింగ్ అన్న పేరుతో ఇది అమెరికా కళాశాలల్లో రూపుదిద్దుకుంది. విద్యార్థికి ఎంచుకునే స్వేచ్ఛ పెరిగిన ప్రతిసారీ దీని అవసరమూ పెరిగింది. ఆ అవసరానికి సరిపడా మనుషులను నియమించడంలో మాత్రం సంస్థలు మొదటి నుంచీ వెనకబడుతూనే వచ్చాయి.

1636లో హార్వర్డ్ స్థాపన తర్వాత సుమారు రెండు శతాబ్దాల పాటు అమెరికా కళాశాలల్లో పాఠ్యక్రమం దాదాపు అందరికీ ఒకటే. లాటిన్, గ్రీకు, గణితం, తర్కం, నీతిశాస్త్రం ప్రతి ఒక్కరూ చదవాల్సిందే. ఎంచుకునేదే లేనప్పుడు సలహాతో పనిలేదు. అధ్యక్షుడు, ట్యూటర్లు తల్లిదండ్రుల స్థానంలో ఉండి విద్యార్థుల నడవడిని కనిపెట్టేవారు. 1841లో ఒహాయో రాష్ట్రంలోని కెన్యన్ కళాశాల మరో అడుగు వేసింది. ప్రతి విద్యార్థీ అధ్యాపకుల్లో ఒకరిని తనకు సలహాదారుగా, స్నేహితుడిగా ఎంచుకోవాలని నియమం పెట్టింది. ఈ సంగతి మనకు తెలిసింది ఆనాడు అక్కడ చదువుతున్న ఒక కుర్రవాడు తల్లికి రాసిన ఉత్తరం వల్ల. అతనే తర్వాతి కాలంలో అమెరికా 19వ అధ్యక్షుడైన రూథర్‌ఫర్డ్ హేస్. సలహాదారును విద్యార్థే ఎంచుకోవాలన్నది ఈ ఏర్పాటులో గమనించదగ్గ అంశం. తర్వాత వచ్చిన పద్ధతుల్లో చాలావరకు ఈ సంగతి మరుగున పడిపోయింది.

అసలు మలుపు హార్వర్డ్‌లో వచ్చింది. 1869లో అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ నిర్బంధ పాఠ్యక్రమాన్ని క్రమంగా సడలించి, కోర్సులు ఎంచుకునే హక్కును విద్యార్థి చేతిలో పెట్టాడు. 1890ల చివరికి అక్కడ తప్పనిసరిగా చదవాల్సింది దాదాపు ఏమీ మిగల్లేదు. దారులు ఎక్కువైతే దారి చూపేవారు కావాలి గనుక 1889లో హార్వర్డ్ మొదటి సంవత్సరం విద్యార్థుల కోసం సలహాదారుల మండలి ఏర్పాటు చేసింది. అంతకు ముందే, 1876లో బాల్టిమోర్‌లో ప్రారంభమైన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం మరుసటి ఏడాదికల్లా అధ్యాపక సలహాదారుల పద్ధతి తెచ్చింది. ఎలియట్ తర్వాత 1909లో వచ్చిన లారెన్స్ లొవెల్ ఆ స్వేచ్ఛకు హద్దులు గీశాడు. కొన్ని కోర్సులు ఒకే శాస్త్రంలో లోతుగా, మిగిలినవి వేర్వేరు రంగాల్లో విస్తృతంగా చదవాలన్నాడు. మేజర్ అనే ఏర్పాటుకు ఇదే బలమైన పునాది. స్వేచ్ఛకు నియమాలు తోడవడంతో సలహాదారుకు కొత్త పని పడింది. విద్యార్థి కాగితం మీద రాసుకొచ్చిన కోర్సుల జాబితా నిబంధనలకు సరిపోయిందో లేదో చూసి సంతకం పెట్టాలి. క్రమంగా చాలాచోట్ల సలహా అంటే ఆ సంతకమే అయిపోయింది. ఈ వ్యవస్థకు పట్టిన మొదటి జబ్బు ఇదే, ఇప్పటికీ పూర్తిగా నయం కాలేదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అంకెలే మారిపోయాయి. 1944 నాటి జీఐ బిల్లు ఆసరాతో దాదాపు 22 లక్షల మంది మాజీ సైనికులు కళాశాలల్లో చేరారు. 1960ల్లో రెండేళ్ల డిగ్రీ ఇచ్చే కమ్యూనిటీ కాలేజీలు వెల్లువలా పెరిగాయి. ఇంట్లో కళాశాల గడప తొక్కినవారే లేని పిల్లలు లక్షల్లో తరగతులకు వచ్చారు. ఏ కోర్సు దేనికి పనికొస్తుందో ఇంట్లో చెప్పేవాళ్లు లేని ఈ పిల్లలకు సంతకం పెట్టే అధ్యాపకుడు ఏమాత్రం చాలడు.

ఈ లోటును సూటిగా పట్టుకున్న రెండు వ్యాసాలు 1972లో వెలువడ్డాయి. ఒకటి బర్న్స్ క్రూక్‌స్టన్‌ది. వైద్యుడు మందుచీటీ రాసినట్టు కోర్సులు రాసిచ్చే పద్ధతిని ఆయన విమర్శించాడు. సలహా ఇవ్వడం కూడా బోధనే అనీ, విద్యార్థి తన నిర్ణయాలు తాను తీసుకోగలిగేలా ఎదగడమే దాని ఫలమనీ వాదించాడు. రెండోది టెర్రీ ఒబానియన్‌ది. సలహాలో ఐదు మెట్లున్నాయని ఆయన చెప్పాడు: ముందు జీవిత లక్ష్యాలు, తర్వాత వృత్తి లక్ష్యాలు, ఆపైన కార్యక్రమం ఎంపిక, కోర్సుల ఎంపిక, చివరికి టైంటేబుల్. ముందున్న మెట్లన్నీ వదిలేసి నేరుగా ఐదో మెట్టు మీదికి ఎక్కించడమే కళాశాలల అలవాటు కాబట్టి, ఈ వరుసలోనే ఆయన విమర్శ అంతా ఉంది. ఆలోచన బలపడిన కొద్దీ వృత్తీ నిలదొక్కుకుంది. 1977లో వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌లో సలహాదారుల తొలి జాతీయ సదస్సు జరిగింది. దాని నుంచి 1979లో నకాడా అనే సలహాదారుల జాతీయ సంఘం ఏర్పడింది.

సలహా మెరుగైతే ఫలితం మారుతుందా అన్న ప్రశ్నకు గట్టి ఆధారాలు 21వ శతాబ్దంలోనే దొరికాయి. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం తన కమ్యూనిటీ కాలేజీల్లో 2007లో అసాప్ అనే కార్యక్రమం ప్రారంభించింది. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి దాన్ని పరీక్షించింది. అసాప్‌లో ఒక్కో సలహాదారు చేతికింద 60 నుంచి 80 మందే ఉండేవారు. అదే కళాశాలల్లో మామూలు సలహాదారుకు 600 నుంచి 1,500 మంది. మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవారు అసాప్ జట్టులో 40 శాతం, రెండో జట్టులో 22 శాతం. అసాప్‌లో ఫీజు లోటు భర్తీ, పుస్తకాల సాయం, ప్రయాణానికి మెట్రోకార్డు కూడా ఉండేవి కాబట్టి ఘనతంతా సలహాకే కట్టబెట్టలేం. కానీ ఒహాయోలో ఇదే నమూనాను అమలు చేసినప్పుడు కూడా పట్టభద్రుల సంఖ్య దాదాపు అంతే మేర పెరిగింది.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం 2012లో మరో దారి పట్టింది. ప్రతి విద్యార్థి రికార్డునూ కంప్యూటర్ రోజూ పరిశీలించి, 800కు పైగా హెచ్చరిక సంకేతాల్లో ఏది కనిపించినా సలహాదారుకు తెలియజేస్తుంది. ఈ కథ చెప్పేవాళ్లు కంప్యూటర్‌నే పొగుడుతారు. దాంతోపాటు ఆ సంస్థ 42 మంది సలహాదారులను కొత్తగా నియమించి, 300 మందికి ఒకరు ఉండేలా చూసిన సంగతిని మరవకూడదు. హెచ్చరిక ఎంత తొందరగా వచ్చినా దాన్ని అందుకుని విద్యార్థిని పిలిచి మాట్లాడేది మనిషే. ఇలాంటి సాఫ్ట్‌వేర్లపై తీవ్ర అభ్యంతరాలూ ఉన్నాయి. కొన్ని విశ్వవిద్యాలయాల్లో వాడుతున్న అంచనా నమూనాలు విద్యార్థి జాతిని కూడా ప్రమాద సూచికగా లెక్కిస్తున్నాయని 2021లో ద మార్కప్ పత్రిక బయటపెట్టింది. నల్లజాతి విద్యార్థిని యంత్రం ముందే వెనకబడినవాడిగా చూపిస్తే, సలహాదారు అతన్ని కష్టమైన కోర్సు నుంచి తప్పించే ప్రమాదం ఉంది. సలహా పేరుతో జరిగే అన్యాయాల్లో ఇంతకన్నా పెద్దది ఉండదు.

తెలుగు నేలకు ఈ పద్ధతి వ్యవసాయ విద్య ద్వారా చేరింది. 1964లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం సహకరించింది. క్రెడిట్లు, కోర్సు వారీ చదువు, విద్యార్థికి అడ్వైజర్ ఉండటం ఈ తరహా సంస్థల్లో వాడుకలోకి వచ్చాయి. సాధారణ డిగ్రీ కళాశాలల్లో గ్రూపు ఒకసారి తీసుకుంటే మూడేళ్లూ అదే కాబట్టి సలహా ఊసే లేకపోయింది. 2015 ప్రాంతంలో కోర్సుల ఎంపికకు వీలిచ్చే క్రెడిట్ విధానం సీబీసీఎస్, 2020లో జాతీయ విద్యావిధానం, 2023-24లో ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ మేజర్ డిగ్రీ వచ్చి పరిస్థితిని మార్చాయి. కళాశాలల నాణ్యతను అంచనా వేసే న్యాక్ గుర్తింపు లెక్కల్లో మెంటర్‌కు ఎంతమంది విద్యార్థులన్న అంశం చేరడంతో కళాశాలలు మెంటర్లను నియమిస్తున్నాయి, రిజిస్టర్లు రాయిస్తున్నాయి. కానీ అన్నిటికన్నా ముఖ్యమైన ఎంపిక కళాశాలలో అడుగుపెట్టక ముందే, డిగ్రీ ప్రవేశాలు జరిపే దోస్త్ లాంటి పోర్టల్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజే జరిగిపోతుంది. ఆ రోజు విద్యార్థి పక్కన ఉండేది ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడో, సీనియరో.

అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థులకు అడ్వైజర్‌తో మాట్లాడటం వీసాతో ముడిపడిన వ్యవహారం. ఎఫ్-1 వీసా మీద బ్యాచిలర్స్ చదివేవారు సెమిస్టర్‌కు సాధారణంగా 12 క్రెడిట్లు తీసుకోవాలి. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతి లేకుండా కోర్సు వదిలి అంతకన్నా తగ్గితే వీసా హోదాకే ముప్పు. వాట్సాప్ గ్రూపులో అడిగి కోర్సు డ్రాప్ చేయడం కన్నా ముందు అడ్వైజర్‌ను, ఆ కార్యాలయాన్ని సంప్రదించడం క్షేమం.

మన కళాశాలల విషయానికొస్తే, కొత్త సాఫ్ట్‌వేర్ కొనడానికి ముందు చేయాల్సినవి రెండున్నాయి. మెంటర్‌కు అప్పగించే విద్యార్థుల సంఖ్యను తగ్గించాలి. వాళ్లతో కూర్చునే సమయాన్ని టైంటేబుల్‌లో చూపించి, అధ్యాపకుడి బోధనా గంటల్లో లెక్కకట్టాలి.