బాత్రూమ్ నుంచి వచ్చాక చేతులు ఇలా కడుగుతున్నారా? కడుపు సమస్యలకు కారణం అదే కావచ్చు..!

కడుపునొప్పి, విరేచనాలు రాగానే 'నిన్న ఏం తిన్నాం?' అని ఆలోచిస్తాం. బయటి ఫుడ్‌ని తిట్టుకుంటాం. కానీ బాత్రూమ్ అలవాట్లను మాత్రం పట్టించుకోం. మలంలోని క్రిములు చేతుల ద్వారా, ఆహారం ద్వారా, నీళ్ల ద్వారా నోట్లోకి చేరితే విరేచనాలు, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ కామెర్లు వస్తాయి. మరి ఎక్కడ పొరపాటు చేస్తున్నామో తెలుసుకుందాం..

మలవిసర్జన తర్వాత నీళ్లతో కడుక్కోవడం మంచి అలవాటే. అయితే అదే చేత్తో ట్యాప్ తిప్పుతాం, మగ్ పట్టుకుంటాం, గడియ తీస్తాం. 'తినేది కుడిచేత్తోనే కదా' అని కొందరు ఉత్త నీళ్లతో సరిపెట్టేస్తారు. కానీ పిండి కలిపినా, పండు ఒలిచినా రెండు చేతులూ వాడాల్సిందే!

క్రిములు చర్మంపై జిడ్డు, మురికితో పాటు అంటుకుని ఉంటాయి. సబ్బు ఆ జిడ్డును వదిలిస్తుంది. అందుకే కనీసం 20 సెకన్లు వేళ్ల సందులు, గోళ్ల కింద, చేతి వెనుక రుద్ది కడగాలి. ట్యాప్‌ను కూడా సబ్బు నురగతో కడిగి కట్టేయాలి. సబ్బుతో చేతులు కడిగే అలవాటు ఉన్నచోట విరేచనాల జబ్బులు 23 నుంచి 40 శాతం వరకు తగ్గుతాయని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌పై శానిటైజర్ అంతగా పనిచేయదు. కాబట్టి సబ్బుకు అది ప్రత్యామ్నాయం కాదు.

చంటిపిల్లల మలంతో ఏమీ కాదనుకోవడం మరో పొరపాటు. అందులోనూ జబ్బు చేసే క్రిములు ఉంటాయి. పిల్లలకు కడిగాక, డైపర్ మార్చాక పెద్దవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే వంటింట్లోకి వెళ్లాలి. పిల్లల గోళ్లు కత్తిరిస్తూ ఉండాలి. దురదకు గోకినప్పుడు నులిపురుగుల గుడ్లు చేరేది గోళ్ల కిందకే.

ఫోన్‌ను బాత్రూమ్‌లోకి తీసుకెళ్లొద్దు. చేతులు కడుక్కున్నా, కడగని ఫోన్ మళ్లీ చేతికే వస్తుంది. విరేచనాలు తగ్గిన తర్వాత కూడా క్రిములు కొన్నిరోజులు మలంలో బయటకు వస్తూనే ఉంటాయి. అందుకే జబ్బు తగ్గాక కనీసం రెండు రోజులు ఇంట్లో వాళ్లకు వంట చేయకపోవడం మంచిది.

విరేచనాలు మొదలైతే వెంటనే ఓఆర్ఎస్ తాగించాలి. మలంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, పిల్లలు మగతగా ఉన్నా ఇంటి వైద్యంతో ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.