మా డొంకల మీది తాళ్లు

జర్మనీలో మోసెల్ నది ఒడ్డున రీస్లింగ్ ద్రాక్ష చలికి నిదానంగా పండుతుంది. పండులో పులుపు చావదు. అక్కడి వైన్‌కు పేరు తెచ్చింది ఆ పులుపే. గుంటూరు జిల్లాలోని మా కాకుమానులో ఆ చలీ లేదు, ఆ తోటలూ లేవు. నల్లరేగడి చేల గట్ల మీద, డొంకల పక్కన తాటిచెట్లున్నాయి. ఈ ఊరి పానీయం కథ వాటితోనే మొదలవ్వాలి.

కాయ కాయనిది పోతుతాడు, ముంజలు కాసేది పెంటితాడు. పూత వచ్చేదాకా ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. పోతుతాటి కల్లు ముందొస్తుంది, పెంటితాటిది ఎండలు ముదిరాక. గీసే మనిషి మోకు వేసుకుని చెట్టెక్కి, పూగుత్తిని నలిపి మెత్తబరిచి, కొసను పల్చగా చెక్కి కుండ కడతాడు. పొద్దున, సాయంత్రం మళ్లీ చెక్కాలి. ఆ చెక్కడం తప్పితే బొట్టు ఆగిపోతుంది. ఇక్కడా రుచి చలిదే: చలికాలం తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నురగ లేచి పులుస్తుంది. ఎవరూ ఏమీ కలపరు, కుండలోనూ గాలిలోనూ ఉన్న ఈస్టే ఆ పని చేస్తుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియదు. అలా పులియని రసమే నీరా, దాన్ని కాస్తే తాటిబెల్లం.

ఈ కల్లు రాజకీయాల్లోకీ వచ్చింది. మా పక్కనున్న పెదనందిపాడులో 1921–22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు పన్ను కట్టబోమన్నారు. కల్లు దుకాణాల ముందు పికెటింగులు జరిగిన కాలమూ అదే. తర్వాత మద్యనిషేధం వచ్చి గీతవాళ్ల పొట్ట కొట్టింది. రైతు నాయకుడు గౌతు లచ్చన్న గీతవాళ్ల పక్షాన నిలబడ్డాడు. నిషేధంపై రగిలిన ఆ గొడవలోనే 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక చెట్టు, దాన్ని నమ్ముకున్న మనుషులు అప్పటి రాజధాని కర్నూలులోని శాసనసభను కదిలించారు! మన పాఠ్యపుస్తకాల్లో ఆ సంగతికి తగినంత చోటు దక్కలేదన్నది నా బాధ. తర్వాతి కాలంలో సారాకు వ్యతిరేకంగా ఉద్యమించిన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల కోపం సారా మీద, అది న్యాయమైన కోపం. సారానూ గీతవృత్తినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇప్పుడు తాళ్లు ఇటుక బట్టీలకు పోతున్నాయి. గీసేవాళ్ల పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లారు. పన్నుల పోరాటం చేసినవాళ్ల పేర్లు రాసిపెట్టుకున్నట్టే, ఏ గట్టు తాళ్లను ఏ ఇంటివాళ్లు గీసేవారో కూడా రాసిపెట్టాలి. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు.