పాడైన పన్నుకు దారులెన్ని? సంతకానికి ముందు అడగవలసినవి

మన సంఘంలో అరవై దాటినవారే ఎక్కువ. పింఛను సంగతుల తరువాత మా దగ్గర ఎక్కువగా వినబడేది పళ్ళ నొప్పి మాటే.

రెండేళ్ళ క్రితం మా కింది దవడ పన్ను సగం విరిగింది. ఒక క్లినిక్కులో డాక్టరుగారు ఎక్స్‌రే చూసి మా అబ్బాయితో ఇంగ్లీషులో మాట్లాడారు. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్న మాకు అందిన మాట ‘ఇంప్లాంట్’ ఒక్కటే. అబ్బాయి తల ఊపాడు, మేము సంతకం పెట్టాము. ఉద్యోగమంతా ఊరివాళ్ళ అర్జీలు గీతగీతా చదివినవాళ్ళమే, మా కాగితం మాత్రం చదవలేదు. ఆ పన్ను నిలిచేదో కాదో అడగనేలేదని ఇంటికొచ్చాక తట్టింది.

అసలు ప్రశ్న అదే: పన్ను నిలుస్తుందా? లోపలి నరం కుళ్ళినా రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయవచ్చు. అందుకు చిగురు పైన చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్ల గట్టి పన్నైనా మిగిలి ఉండాలి. పగులు వేరులోకి దిగితే సాధారణంగా పీకక తప్పదు. రూట్ కెనాల్ అయ్యి నొప్పి తగ్గగానే క్యాప్ మానేసేవాళ్ళు మనలో చాలామంది. నమిలే పన్ను అలా వదిలితే విరిగే ప్రమాదం ఎక్కువ, పెట్టిన డబ్బూ పోతుంది.

పీకిన తరువాత కూడా దారి ఒక్కటే కాదు. బ్రిడ్జి త్వరగా అవుతుంది, కానీ పక్కనున్న మంచి పళ్ళను అరగదీయాలి. ఇంప్లాంట్‌లో టైటానియం మరను దవడ ఎముకలో బిగిస్తారు. అది ఎముకతో అతుక్కోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అదుపులో లేని షుగరు, బీడీ, సిగరెట్టు దానికి శత్రువులు. తీసి పెట్టుకునే కట్టుడు పన్ను చవక, అలవాటు పడడం కొంత కష్టం. నాలుగోది, ఖాళీగా వదిలేయడం. చివరి దవడ పన్ను పోతే చాలామందికి ఇది సరిపోతుంది, కానీ దీన్ని ఒక దారిగా చెప్పేవారు తక్కువ. పుచ్చిన పన్నును చీముతో సహా అలాగే ఉంచుకోవడం మాత్రం వేరే సంగతి, అది దారి కాదు.

చెప్పే తీరును బట్టి మన మనసు మొగ్గుతుంది. ముందు చెప్పినదే మేలనిపిస్తుంది. ‘ఇది శాశ్వతం’ అంటే నమ్మకండి, నోట్లో చేసిన ఏ పనికీ జీవితకాలం హామీ లేదు. ‘మీ వయసుకు ఇది చాలు’ అంటే కారణం అడగండి, వయసొక్కటే కారణం కాదు. ‘ఈరోజే కడితే తగ్గింపు’ అంటే ఎక్స్‌రే కాపీ తీసుకుని లేచి రండి.

చట్టం మన పక్షానే ఉంది. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం మత్తులో ఉన్న మహిళకు, తల్లి ఒప్పుకున్నదని గర్భసంచి తీసివేసిన కేసు అది. తెలివిలో ఉన్న పెద్దమనిషి చికిత్సకు ఇంకొకరి ఒప్పుకోలు చెల్లదనీ, ఇతర దారులు, ప్రమాదాలు, చేయించుకోకపోతే జరిగేది కూడా డాక్టరు ముందే చెప్పాలనీ కోర్టు అన్నది. కాబట్టి కొడుకు తల ఊపితే చాలదు. డాక్టరు మీతోనే మాట్లాడాలి, కుర్చీని నిటారుగా పెట్టించి మాట్లాడించుకోండి. కన్నడం మనకు వీధి భాషే కదా, ‘హల్లు ఉళిసోకాగుత్తా?’ అని అడిగితే చాలు.

రెండో అభిప్రాయానికి కోట దగ్గర విక్టోరియా ఆసుపత్రి పక్కన ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడ వరుసలో నిలబడాలి, ఓపిక కావాలి. ఎక్స్‌రేతో పాటు వాడే మందుల చీటీ కూడా తీసుకెళ్ళండి. రక్తం పలచబరిచే మాత్రలను సొంతంగా ఆపవద్దు. ఎముకల బలానికి వాడే కొన్ని మందుల వల్ల పన్ను పీకిన చోట దవడ ఎముక మానకపోవచ్చు, ఆ సంగతి ముందే చెప్పాలి. ముఖం వాచి, జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే రెండో అభిప్రాయానికి సమయం లేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉండి అర్థం కాకపోతే ఆదివారం సంఘానికి తీసుకురండి, చదివి తెలుగులో చెబుతాము. ఏ దారి మంచిదో చెప్పడం మాత్రం మా పని కాదు.